మా ఆయన బహ్రెయిన్‌లో ఎనిమిది రోజులు

మా మండలంలో దుబాయి తెలియని ఇల్లు లేదు. బహ్రెయిన్ అయినా, మస్కట్ అయినా, కువైట్ అయినా మాకు అన్నీ దుబాయే. మగవాళ్ళు పోతారు, రెండేళ్ళకోసారి వస్తారు, సబ్బులూ సెంటు సీసాలూ పంచుతారు, మళ్ళీ పోతారు. కానీ మా ఊళ్ళో ఆ దుబాయిని చూసొచ్చిన ఆడది ఇంతవరకు లేదు. ఈసారి ఉగాది అయిన పది రోజులకు నేను పోయి ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి నేను పనిచేసే అంగన్‌వాడీ సెంటర్ దగ్గర తల్లులు పిల్లలను దింపి పోకుండా నిలబడి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం రాసిపెడుతున్నాను.

మా ఆయన రాజేశం టైల్స్ మేస్త్రీ. పెళ్ళయిన ఏడాదికే బహ్రెయిన్ పోయాడు. ఇప్పటికి పంతొమ్మిదేళ్ళు. వచ్చినప్పుడల్లా రెండు నెలలు. అన్నీ కలిపి చూసుకుంటే మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది మూడేళ్ళు నిండదు. మా అమ్మాయి శ్రావణి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది.

మాఘమాసంలో ఫోన్ చేసి అన్నాడు, "ఎండాకాలంల ఖలాస్ చేసుకుందామనుకుంటున్న. అంతకంటె ముందుగాల నువ్వొక్కసారి వచ్చి చూసిపో."

"ఏం చూడాలె?" అన్నాను.

"ఊకెనే. నేనున్న జాగ."

ఖలాస్ అంటే అక్కడి మాటలో అయిపోయింది అని. లెక్క తెంచుకుని ఇంటికి వచ్చేయడం. విన్నవాళ్ళంతా సంబరపడ్డారు. నేనూ నవ్వుతూ తిరిగాను. లోపల మాత్రం బుగులు పట్టుకుంది. రెండు నెలలు చుట్టంలా చూసుకోవడం నాకు వచ్చు. రోజూ ఉండే మొగుడితో ఎట్లా ఉంటారో నాకు తెలియదు. ఈ మాట ఎవరితో చెప్పుకుంటాను?

ముహర్రఖ్

బహ్రెయిన్ విమానాశ్రయం ముహర్రఖ్ అనే ఊళ్ళో ఉంది. పొద్దున తొమ్మిదింటికి బయటికొస్తే ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఆయన మా ఊరికి వచ్చినప్పుడు జీపు నిండా మనుషులం పోయి తెచ్చుకుంటాం. ఇక్కడ ఆయన ఒక్కడే.

"వచ్చినవా?"

"వచ్చిన."

అంతే. పెట్టె అందుకుని ముందు నడిచాడు. పెట్టెలో సకినాలు, మామిడికాయ తొక్కు, శేరు పచ్చజొన్న పిండి. గసగసాలు తేవద్దని ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. అవి మనకు మసాలా, అక్కడ మత్తుమందు కింద లెక్కట.

జాన్ బాబు అని గోదావరి జిల్లా ఆయన, కంపెనీలో డ్రైవరు, తన కారు తెచ్చాడు. దారిలో ఒక చిన్న కిరాణా దుకాణం ముందు ఆపి హారన్ కొట్టాడు. ఎవరినో తిడుతున్నాడనుకున్నాను. లోపల్నుంచి దుకాణం మనిషి పరుగెత్తుకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాలు, నీళ్ళు అడిగితే తెచ్చి ఇచ్చాడు. అక్కడ అందరూ అంతేనట, కారు దిగరు. మా ఊళ్ళో ఎవరైనా దుకాణం ముందు అట్లా హారన్ కొడితే శేటు బయటికి వస్తాడు గానీ, పాలు మాత్రం తీసుకురాడు.

ఆ దుకాణం మనిషితో మా ఆయన హిందీ, అరబ్బీ, మలయాళం కలిపి ఏదో అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయనకు అంత గట్టి నవ్వు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

బుసైతీన్

మా ఆయన ఉండేది మగవాళ్ళ క్యాంపులో. అందుకని మాకు దగ్గర్లోనే బుసైతీన్ అనే చోట జాన్ బాబు వాళ్ళింట్లో ఒక గది ఇచ్చారు. జాన్ బాబు భార్య ఎస్తేరు అక్క ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"రండి సుజాత గారూ, రండి. అన్నయ్య గారు నెల్రోజుల్నుంచి మీ గురించే చెప్తున్నారండీ. ఈ గది కర్టెన్లు కూడా ఆయనే కొన్నారు."

మధ్యాహ్నం అన్నంలోకి చేపల పులుసు. సాఫీ అనే చేప, అరచేయంత ఉంటుంది, ముళ్ళు ఎక్కువ. మా ఆయన ముళ్ళు తీసిన తీరు చూస్తే సముద్రం ఒడ్డున పుట్టినట్టే ఉంది. మా ఇంట్లో చేప అడిగిన రోజు లేదు. నేను తెచ్చిన తొక్కు సీసా తీసి ఆయన కంచంలో గరిటెడు వేశాను.

"అయ్యో అయ్యో, అంత కారం వేసేస్తున్నారేంటండీ!" అంది ఎస్తేరు అక్క. "ఆయనకి కడుపులో పుండు కదా!"

"ఏం పుండు?" అన్నాను.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన తల దించుకుని ముద్ద కలుపుతూ, "ఏం లేదు, గ్యాసు" అన్నాడు.

గదిలోకి వచ్చాక అడిగాను. "ఎన్నేండ్లాయె?"

"తొమ్మిదేండ్లు."

"మరి ఇంటికొచ్చినప్పుడు నేను చేసిన మాంసం కూరంత ఎందుకు తిన్నవు?"

"నువ్వు రెండేండ్లు ఎదురుచూసి వండుతవు. వద్దని ఎట్లంట? రెండు నెలలే గద. గోలీలు ఏసుకుంటుంటి."

ఆయన వస్తున్నాడంటే నేను మిరపకాయలు దంచి, మసాలాలు నూరి నెలముందే సిద్ధం చేసేదాన్ని. ఆయన లొట్టలేసుకుంటూ తినేవాడు. తొమ్మిదేళ్ళు నేను ఆయనకు పుండు మీద కారం పెట్టాను, ఆయన మర్యాదగా తిన్నాడు. కోపం రావాలి. రాలేదు. చుట్టం కంచంలో తప్పు వడ్డించినప్పుడు కలిగే సిగ్గు కలిగింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు పొద్దున ఎస్తేరు అక్క బలాలీత్ అనే పలహారం పెట్టింది. చక్కెరా ఏలకులూ వేసి వండిన తియ్యటి సేమియా, దాని మీద కోడిగుడ్డు అట్టు. మొదటి ముద్దకు నవ్వొచ్చింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

క్యాంపు గేటు బయట

రెండో రోజు నేనే అడిగాను, "నువ్వుండే రూము చూపియ్యి" అని.

"ఆడోళ్ళను రానియ్యరు."

"బయటనుంచే చూస్త."

పోయాం. ఎత్తు గోడ, ఇనుప గేటు, లోపల రెండంతస్తుల వరుస గదులు, రెయిలింగు నిండా ఆరేసిన డ్యూటీ బట్టలు. నన్ను గేటు పక్క నీడలో నిలబెట్టి ఆయన లోపలికి పోయాడు. కాసేపటికి నా ఫోన్ మోగింది, వీడియో. గోడకు ఇవతల నేను, అవతల ఆయన. అట్లా నా మొగుడి ఇల్లు చూశాను.

ఆరు జంట ఇనుప మంచాలు, కిందొకటి పైనొకటి. ఆయనది కింది మంచం. దిండు దగ్గర శ్రావణి పదో తరగతి ఫోటో, గోలీల డబ్బా, టార్చిలైటు. మంచం కింద బూట్లు, లెవెల్ చూసే పట్టీ. గోడ పక్కన గ్యాస్ పొయ్యి, మసిబారిన పెద్ద గిన్నె.

"గిది నా సామాన్. ఇంతే" అన్నాడు.

ఫోన్లోకి ఒక నెరిసిన తల వచ్చింది. సిరిసిల్ల మల్లయ్య అన్నట. పేరు చాలాసార్లు విన్నాను.

"చెల్లె, బాగున్నవా? మరి మా రాజేశాన్ని తోల్కపోతున్నవు, మాకు పొద్దుగాల చాయ్ ఎవరు పెట్టాలె?"

"ఈయన చాయ్ పెడ్తడా?"

"అగో, తెల్వదా! పన్నెండు మందికి రోజు నాలుగ్గొట్టంగ లేచి పెడ్తడు. అల్లం దంచి మరీ."

మా ఇంట్లో ఆయన పొయ్యి దగ్గరికి వచ్చింది లేదు. వచ్చే అవసరం నేను రానివ్వలేదు. గోడకు ఆనుకుని ఫోన్లో ఆ మసి గిన్నెను చూస్తూ నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి, "చూసినవు గద" అన్నాడు. "చూసిన" అన్నాను.

అమ్వాజ్

అమ్వాజ్ అంటే సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవులు. అద్దాల మేడలు, వాటి కిందే పడవలు, నీళ్ళ ఒడ్డున కుక్కలను తిప్పే దొరసానులు. మా ఊరి చెరువు కట్టకు మట్టి పోసినట్టే పోశారని మా ఆయన చెప్తే నమ్మబుద్ధి కాలేదు.

నడుస్తుంటే ఆయన చెయ్యి పైకి లేస్తూనే ఉంది. "ఆ పసుపు బిల్డింగు బాత్రూములన్ని మావే. ఆ మూలమీదది, నాలుగు నెలలు." మా వైపు మనుషులు పొలాలు చూపించినట్టు చూపించాడు. ఒక మేడ ముందు ఆగాడు. "దీని కింది హాలు మొత్తం నేనొక్కన్నే పరిచిన."

లోపలికి పోబోతే కాపలా ఆయన ఆపాడు. నేపాలీ మనిషి. ఉండేవాళ్ళకు తప్ప వేరేవాళ్ళకు లేదన్నాడు. మా ఆయన వెంటనే "అచ్ఛా భాయ్" అని వెనక్కి తిరిగాడు. అంత తొందరగా తిరగడం నాకు నచ్చలేదు. అంగన్‌వాడీ ట్రైనింగుల్లో విని నేర్చుకున్న ముక్కల హిందీలో ఆ కాపలా ఆయనతో అన్నాను, "భయ్యా, ఈ నేల వేసింది ఈయనే. నేను ఇండియా నుంచి ఇది చూడటానికే వచ్చిన. చూసి పోతా."

కాపలా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పాంచ్ మినిట్, భాభీ" అన్నాడు.

చెప్పులు విడిచి పోయాను. తెల్లరాయి మీద నీలిరంగు రేకుల పూలు, గోడ నుంచి గోడ దాకా. కాళ్ళకు చల్లగా తగిలింది. మా ఆయన మాత్రం పూలను చూడలేదు. నేరుగా లిఫ్టు పక్క మూలకు పోయి గొంతుక్కూర్చుని అరచేత్తో తుడిచాడు.

"ఇగో, ఈ రేకు చూడు."

ఒక్క రేకు తలకిందులుగా ఉంది. చూపిస్తే గానీ తెలియదు.

"ఎవ్వరు పట్టలే ఇన్నేండ్లు. అన్నిట్ల ఇదొక్కటే తప్పు."

"ఎట్లయింది?"

కాపలా ఆయనకు వినపడుతుందేమో అన్నట్టు మెల్లగా చెప్పాడు. "శ్రావణికి డెంగీ వచ్చి దవాఖానల ఉండె, యాదికున్నదా? నేనొస్తనని ఫోన్ చేస్తి. నువ్వు అంటివి, నువ్వు రాకున్నా మాకు నడుస్తదని. ఆ రోజు పరిచిన రాయి."

నాకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. అని ఉంటాను. అప్పుడు వస్తే నౌకరీ పోతుందని, ఆయన ధైర్యంగా ఉండాలని అని ఉంటాను. ఆ మాట ఆయన దగ్గర పదకొండేళ్ళు ఉంది. వంగి ఆ రేకును నేను కూడా తడిమాను. ఐదు నిమిషాలు అయిపోయాయి.

శుక్రవారం

అక్కడ సెలవు శుక్రవారం. జాన్ బాబు వాళ్ళ తెలుగు సహవాసం, అంటే క్రైస్తవుల ప్రార్థన కూడిక, ఆ రోజే జరుగుతుంది. మేము గుడికి పోయేవాళ్ళమే అయినా ఎస్తేరు అక్క పిలిస్తే కాదనబుద్ధి కాలేదు. ఆయన క్యాంపులో పని ఉందన్నాడు, నేనొక్కదాన్నే పోయాను.

పెద్ద హాలు అద్దెకు తీసుకున్నారు. మూడొందల మంది తెలుగువాళ్ళు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళే ఎక్కువ. వారమంతా పరాయి భాషలో తలూపి, ఆ రెండు గంటలు తెలుగులో గొంతెత్తి పాడుతున్నారు. నా పక్కన కూర్చున్నామె పాడుతున్నంతసేపూ నా కొంగు చివర పట్టుకునే ఉంది. ఎందుకని అడిగితే, "చీర కట్టుకున్నోళ్ళు పక్కన కూర్చుంటే బాగుంటదమ్మా" అంది.

తర్వాత ప్రార్థన మనవులు. ఒక్కొక్కరు లేచి చెప్తారు. పాపకు పరీక్షలని ఒకరు, వీసా అని ఒకరు. ఎస్తేరు అక్క లేచింది.

"మా రాజేశం అన్నయ్య గురించి ప్రార్థన చెయ్యండి. కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. ఉండాలో, ఇంటికెళ్ళాలో ఆయన తేల్చుకోలేకపోతున్నారు."

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరుచుకునే ఉన్నాను. ఖలాస్ అన్నాడు కదా నాతో! మూడొందల మందికి తెలిసింది నాకు తెలియదు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో జాన్ బాబు, ఎస్తేరు అక్క బకెట్టు గురించి పోట్లాడుకున్నారు. స్నానాల గదిలో బకెట్టు బోర్లించాలా వద్దా అని. గట్టిగా, సిగ్గు లేకుండా, వెనక నేను ఉన్నానన్న సంగతే మరిచిపోయి. ఇల్లు వచ్చేసరికి మళ్ళీ మామూలుగా కూరగాయల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు వాళ్ళను చూస్తే అసూయ వేసింది. నిజం చెప్తున్నాను, ఆ మేడల్ని చూసినప్పుడు వేయలేదు.

సాయంత్రం ఆయన వస్తే అడగలేదు. అడగడం మాకు అలవాటు లేదు.

జల్లాఖ్, చూడాలనుకోకుండా

శనివారం ఆయనకు మధ్యాహ్నం వరకు డ్యూటీ. నేను బుసైతీన్‌లో బస్సెక్కి రాజధాని మనామా బస్టాండులో దిగితే అక్కడ కలుస్తానన్నాడు. బస్సు మూడొందల ఫిల్సులు, అంటే మన అరవై, డెబ్బై రూపాయలు. ఏసీ ఎంత చల్లగా ఉందంటే కొంగు కప్పుకోవాల్సి వచ్చింది. మనామాలో దిగాను. ఆయన ఇంకా రాలేదు. ఎండకు నిలబడలేక, ఆగి ఉన్న ఇంకో బస్సులో అంతసేపు నీడకు కూర్చుంటే ఏమవుతుందిలే అని ఎక్కి కూర్చున్నాను. మనసంతా ఆ రెండేళ్ళ మీదే ఉంది. బస్సు కదిలింది కూడా గమనించలేదు. చూసేసరికి ఊరు వెనకబడి రెండు వైపులా ఇసుక. ఫోన్ తీస్తే చచ్చి ఉంది.

భయపడలేదని చెప్పను. కానీ మధ్యలో దిగితే ఎక్కడ నిలబడతాను? ఎక్కడికి పోతే అక్కడికని కూర్చున్నాను. చివరికి సముద్రం వచ్చింది. ఒడ్డున ఒక చాయ్ కొట్టు ఉంది, నడిపేది నడివయసు మలయాళీ. నా ముఖం చూసి ఏమీ అడగకుండా ముందు కుర్చీ వేశాడు, తర్వాత ఫోన్ అందుకుని చార్జింగు పెట్టాడు. "చేచ్చీ, టెన్షన్ వద్దు. జల్లాఖ్ ఇది. చాయ్ తాగు." చేచ్చీ అంటే వాళ్ళ భాషలో అక్క. చిక్కటి పాలలో ఏలకులు వేసి మరిగించిన కరక్ చాయ్. పైసలిస్తే చేతులు అడ్డం ఊపాడు.

ఫోన్ లేవగానే మా ఆయనకు చేసి జల్లాఖ్‌లో ఉన్నానని చెప్పాను, గంటకు టాక్సీ వచ్చింది. మా ఆయన డ్యూటీ బట్టల మీదే, సిమెంటు మరకలతో దిగాడు. తలుపు కూడా వేయలేదు.

"నీకు అక్కల్ ఉన్నదా?" అని అరిచాడు. "ఫోన్ల చార్జింగు చూసుకోవద్దా? ఏ బస్సు ఎక్కుతున్నవో చూడొద్దా? భాష రాదు, దారి తెల్వదు. బస్టాండంత తిరిగిన పిచ్చోని లెక్క!"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నామీద గొంతెత్తడం అదే మొదటిసారి. నేను కూడా లేచాను.

"దారి తెల్వకుంటె అడుగుత! ఇన్నేండ్లు అడుగుకుంటనే బతికిన. దవాఖానకు దారి, కాలేజీకి దారి, బ్యాంకుకు దారి. నువ్వు చూపిచ్చినవా?"

"అందుకే అంటివి గద నడుస్తదని!"

"నడుస్తది! నడవకుంటె ఎట్ల? నేను నడిపిన. నడుస్తదంటె రావద్దనా అర్థం? రెండేండ్లు ఉండుమంటున్నరని జాన్ బాబుకు చెప్పినవు, సభల అందరికి తెలిసింది. నాకెందుకు చెప్పలే?"

ఆయన మెల్లగా అన్నాడు, "నీ నోట్లకెల్లి వింటననుకున్న. రమ్మని నువ్వెన్నడన్న అన్నవా సుజాతా? ఒక్కసారన్న?"

అనలేదు. అంటే ఆయన మనసు చెదురుతుందని, పని పాడవుతుందని అనలేదు. ప్రతిసారీ ఫోన్లో "ఇక్కడ అంతా మంచిగనే ఉన్నది" అన్నాను. అది నిజమే కాబట్టి ఆయన నమ్మాడు.

"ఇప్పుడంటున్న" అన్నాను. ఏడుపు వస్తోంది, కోపం కూడా తగ్గలేదు. "రెండేండ్లు లేవు, గిండేండ్లు లేవు. ఇంటికి రా. అక్కడ చెప్త నీ సంగతి!"

మలయాళీ ఆయన తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడుస్తున్నాడు. టాక్సీ డ్రైవరు తలుపు తనే మూసుకుని, కిరాయి తీసుకుని పోయాడు. మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి, "చాయ్ తాగినవా?" అన్నాడు.

"తాగిన. నువ్వు తాగు."

తర్వాత ఒడ్డుకు పోయాం. అక్కడ సముద్రం లోతు లేదు, చాలా దూరం పోయినా మోకాళ్ళ దాకే. చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఆయన ప్యాంటు మడుచుకుని నడిచాం. అప్పుడు చెప్పాను, "నువ్వు రోజూ ఇంట్ల ఉంటె ఎట్లుంటదో నాకు బుగులైతుంది."

"నాకు గూడ" అన్నాడు. "పొద్దుగాల లేచి ఏం చెయ్యాలె? ఎవరి జాగల కూసోవాలె? మీ ఇద్దరి ఇల్లు అది."

నీళ్ళలో చాలాసేపు నడిచాం. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు.

తిరుగు ప్రయాణం

మిగిలిన మూడు రోజుల్లో మేము నాలుగుసార్లు పోట్లాడుకున్నాం. ఒకటి గురక గురించి. ఒకటి నేను లైటు ఆర్పకుండా వదిలేస్తానని. ఎస్తేరు అక్క గోడ అవతల నుంచి, "అన్నయ్య గారూ, కొంచెం మెల్లగా" అని నవ్వింది.

బయలుదేరే రోజు కారులో ఆయన ఫోర్మన్‌కు ఫోన్ చేశాడు. "నహీ భాయ్, ఖలాస్. ఘర్ జా రహా హూఁ" అని, ఇంటికి పోతున్నట్టు చెప్పేశాడు. అటు నుంచి ఏదో చాలాసేపు చెప్పారు. ఈయన వింటూ ఉన్నాడు, మాట మార్చలేదు.

నలభై రోజుల తర్వాత వచ్చాడు. ఏ రోజో చెప్పాడు గానీ జీపు వద్దన్నాడు. సెలవు పెట్టవద్దని కూడా అన్నాడు. నేను సెంటర్లో పిల్లలకు గుడ్లు పంచుతుంటే ఆటో ఆగింది. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, తల్లులంతా చూస్తుండగా అడిగాడు.

"ఆకలైతుంది. తాళంచెవి ఏది?"

"వండలే ఇంకా" అన్నాను, గుడ్డు పొట్టు తీస్తూ. తాళంచెవి కొంగు ముడిలోంచి విప్పి ఇచ్చాను. "పోయి బియ్యం కడిగి పెట్టు. గంటల వస్త."

సరే అని పెట్టె ఎత్తుకుని పోయాడు.